జేబు లేని చొక్కాలు

పెడనలో గుడ్డల మీద అచ్చుపని చేసే భీమేశ్వరరావు ఇల్లెక్కడ అని అడిగితే ఎవరూ చెప్పలేకపోవచ్చు. "జేబు బావ ఇల్లెక్కడ?" అనండి, బడికి పోయే పిల్లాడు కూడా సందు చివరిదాకా వచ్చి చూపిస్తాడు. కన్నవాళ్ళు దేవుడి పేరు పెట్టుకుంటే, ఊరు దాన్ని తీసి పక్కన పడేసి తనకి నచ్చింది పెట్టింది. పెట్టినవాళ్ళకి పుణ్యం వచ్చిందో పాపం వచ్చిందో నాకు తెలీదు గానీ, ఆ పేరు మోసినవాడు ఏమైపోయాడో అతని భార్య రత్నకుమారికి తెలుసు. అందుకని ఈ కథ ఆవిడ పక్కన కూర్చునే చెబుతాను.

కాపురానికి వచ్చిన కొత్తల్లో రత్నకుమారికి మొగుడి మీద ఒకటే ఫిర్యాదు. ఏదడిగినా ఒక పట్టాన జవాబు రాదు. "కూరేం వండమంటారు?" అని అడిగితే, ఆ ప్రశ్నని కాసేపు లోపల నానబెట్టుకుని, అప్పుడు "నీ ఇష్టం" అనేవాడు. "ఈ ముక్క చెప్పడానికా ఇంత ఆలోచన!" అని ఆవిడ నవ్వేది, ఆయనా నవ్వేవాడు. మాటే నిదానం, చెయ్యి కాదు. షెడ్డులో బల్ల ముందు నిలబడి, చెక్క అచ్చు రంగులో అద్ది, గుడ్డ మీద ఆనించి పిడికిలితో ఒక్క పోటు పొడిస్తే ఈ అచ్చులో తీగ వెళ్ళి ముందు అచ్చులో తీగతో కలిసేది. అతుకెక్కడో చూపించమంటే షెడ్డు యజమాని అరుణకుమారి గారికే దొరికేది కాదు. ఆ అచ్చేసిన గుడ్డల్ని మోకాలి లోతు కాలవ నీళ్ళలో నిలబడి జాడించే పని రత్నకుమారిది. పొద్దున ఇద్దరూ కలిసి వెళ్ళి సాయంత్రం ఇద్దరూ కలిసి వచ్చేవాళ్ళు.

ఆయనకున్న సరదా అల్లా పెళ్ళి భోజనం. తిండిపోతు కాదు సుమండీ. నలుగురితో బంతిలో కూర్చుని, ఆకులో ఏది ఎటు వడ్డించారో చూసుకుంటూ, ఆఖరి మజ్జిగ దాకా తీరిగ్గా తినడం ఆయనకి ఇష్టం. పక్కవాళ్ళంతా లేచిపోయినా తను లేచేవాడు కాదు. చుట్టాల పెళ్ళి పిలుపు వస్తే పాత క్యాలెండరు మీద గుర్తు పెట్టుకునేవాడు.

రత్నకుమారికి ఒక్కడే అన్న, కాంతారావు. గుడివాడలో షామియానాలూ వంటపాత్రలూ అద్దెకిస్తాడు. చెడ్డవాడా అంటే ఆ మాట నేననను. చెల్లెలి పురుడప్పుడు ఆసుపత్రి గుమ్మం వదలకుండా కాపలా కాసినవాడు. కాకపోతే ఆ నోటికి గొళ్ళెం లేదు. పదిమందిలో ఎవరో ఒకర్ని ఆట పట్టించకపోతే ఆయనకి తిన్నది అరగదు. అందులోనూ బావ దొరికాడంటే వదులుతాడా? మనలో బావల సరసానికి హద్దెక్కడుంది! చెప్పులు దాచినా, కాఫీలో ఉప్పు వేసినా నవ్వి తీరాలి. నవ్వకపోతే "సరసం తెలియని మనిషి" అని ముద్ర వేస్తారు, అది చచ్చేదాకా చెరగదు.

అలాంటి రోజుల్లో ఘంటసాలలో దగ్గరి చుట్టాల పెళ్ళి వచ్చింది. షామియానా కాంతారావుదే, వడ్డన మీద అజమాయిషీ కూడా ఆయనదే. భీమేశ్వరరావు కూతురు నవ్యని ఆ ఏడే బళ్ళో వేశారు. సరిగ్గా పెళ్ళినాటికి పిల్లకి జ్వరం తగిలింది. నాయనమ్మ దగ్గర పడుకోబెట్టి బయల్దేరుతుంటే, కళ్ళు తెరిచి, "నాన్నా, నాకు లడ్డు తెస్తావా?" అని అడిగింది. "తెస్తానమ్మా" అన్నాడు. ఈ జవాబు మాత్రం నానబెట్టకుండానే చెప్పాడు.

బంతిలో అందరి ఆకుల్లోనూ తొక్కుడు లడ్డు పడింది. ఆయన ఆకులోనూ పడింది. దాన్ని తినకుండా పక్కకి పెట్టి, భోజనం సగంలో ఉండగా, కాయితం రుమాల్లో చుట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. మరోటి అడగలేదు, పక్కవాడి ఆకులోంచి తియ్యలేదు. తన ఆకులో పడిన తన లడ్డు అది. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, ఆ రోజు అక్కడున్నవాళ్ళెవరూ గుర్తు పెట్టుకోలేదు.

కాంతారావు సాంబారు బకెట్టు వెనకాల వస్తూ చూశాడు. "ఏంటి బావా, గుండె అలా వాచిపోయింది? డాక్టరుకి చూపించావా?" అన్నాడు. చుట్టూ నవ్వులు. ఆ నవ్వులతో ఆయనకి ఊపొచ్చింది. వంగి, జేబులో రెండు వేళ్ళు పెట్టి, ఆ పొట్లం లాగి పైకెత్తి, "చూశారటండీ! కడుపు నిండాక మా బావ జేబు నింపుతున్నాడు!" అని బంతి మొత్తానికి చూపించాడు. వీడియో తీసే కుర్రాడు లైటు ఇటు తిప్పాడు. భీమేశ్వరరావు ముఖం ఎర్రబడింది. "పాపకి..." అన్నాడు. "పాప పేరు చెప్పి నాన్న తింటాడటండోయ్!" అన్నాడు కాంతారావు. ఇక పందిరి పందిరంతా గొల్లుమంది. ఆడవాళ్ళ బంతిలో కూర్చున్న రత్నకుమారి కూడా పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అన్న సరసమాడితే చెల్లెలు మూతి ముడుచుకోవడం ఏం బావుంటుంది? ఆ లడ్డు చేతులు మారి మారి పొడైపోయి ఎక్కడో రాలిపోయింది.

ఇంటికి వెళ్ళాక పిల్ల అడిగింది. "అయిపోయాయమ్మా" అన్నాడు తండ్రి. పిల్ల కాసేపు ఏడ్చి, జ్వరం తగ్గాక మర్చిపోయింది. మర్చిపోనిది ఊరే.

ఆ పెళ్ళికి పెడన నుంచి వెళ్ళినవాళ్ళలో షెడ్డులో పనిచేసే రత్నరాజు ఒకడు. మర్నాడు టీ కొట్టు దగ్గర ఆ కథ ఇంకాస్త ఉప్పూ కారం వేసి చెప్పాడు. ఒక లడ్డు కాస్తా సాయంత్రానికి నాలుగైంది, వారానికి బూందీ పొట్లం కూడా చేరింది. తర్వాతి పెళ్ళిలో ఆయన చెయ్యి కడుక్కుని వస్తుంటే ఎవరో, "బావగారూ, జేబు బరువుగా ఉందా?" అన్నారు. ఆయన నవ్వాడు. ఆ పై గృహప్రవేశంలో వడ్డించే కుర్రాడు, "ఆకులో వెయ్యమంటారా, జేబులో వెయ్యమంటారా?" అన్నాడు. అప్పుడూ నవ్వాడు. తరవాత తరవాత నవ్వు పెదాల మీదే ఆగిపోయేది, ముఖంలోకి ఎక్కేది కాదు.

ఒకరోజు బట్ట తీసుకుని దర్జీ దగ్గరికి వెళ్ళి, జేబు లేకుండా చొక్కాలు కుట్టమన్నాడు. పాపం, ఆయన బుర్రకి తోచిన ఉపాయం అది. జేబే లేకపోతే ఇంకేమంటారులే అనుకున్నాడు. దర్జీ ఆ సంగతి కడుపులో దాచుకుంటాడా? ఆ చొక్కా వేసుకుని బజారులోకి రాగానే, "జేబు లేదుగా, మరి ఇప్పుడెక్కడ పెడుతున్నావ్ బావా?" అన్నారు. అలా స్థిరపడింది జేబు బావ అనే పేరు. వరసైనవాళ్ళూ బావే, వరస కానివాళ్ళూ బావే. సందు మలుపులో నక్కి, "జేబూ!" అని అరిచి పారిపోవడం కుర్రాళ్ళకి ఆటైపోయింది. పలక్కపోతే "బావకి కోపమొచ్చిందిరోయ్", పలికితే "పలికాడ్రోయ్", తిడితే ఇక పండగే.

సరదా అట! నాకు తెలీకడుగుతాను, ఎవరికండీ సరదా? పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అని పెద్దవాళ్ళు ఊరికే అన్నారా? చెప్పులు దాచి నవ్వితే మర్నాడు చెప్పులు తిరిగిస్తాం. మనిషి పరువు దాచి ఏళ్ళ తరబడి తిరిగివ్వకపోతే దాన్నేమంటారో సరసం తెలిసినవాళ్ళే చెప్పాలి.

రత్నకుమారి కూడా మొదట్లో అందరూ చెప్పిందే చెప్పింది. "మీరు ఉడుక్కుంటారు గనకే వాళ్ళు అంటున్నారు. నవ్వి ఊరుకోండి." ఆయన తలూపేవాడు. తల ఊపడమే తప్ప నోట మాట తగ్గిపోతూ వచ్చింది. ఇంట్లో తీపి చేస్తే ముట్టుకోవడం మానేశాడు. పెళ్ళిళ్ళకి వచ్చినా బంతిలో కూర్చోక బయట స్కూటర్ల దగ్గర నిలబడేవాడు. కొన్నాళ్ళకి రావడమే మానేశాడు. క్యాలెండరు మీద గుర్తులు పోయాయి.

ఆవిడకి నిజంగా భయం వేసింది కిరాణా కొట్టులో. ఇద్దరూ కందిపప్పు కొనడానికి వెళ్ళారు. డబ్బులిచ్చి వస్తూ వస్తూ ఆయన గుమ్మం దగ్గర ఆగి, రెండు అరచేతులూ విప్పి కొట్టువాడికి చూపించాడు. ఒళ్ళు తడుముకుని చూపించాడు. కొట్టువాడికి అర్థం కాలేదు. రత్నకుమారికి అర్థమై, ఆయన చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది. ఆ తర్వాత చూస్తే, ఎవరింటికి వెళ్ళినా అంతే. అరుణకుమారి గారి షెడ్డులోంచి బయటికి వచ్చేటప్పుడూ అంతే. ఎవరూ అడక్కుండానే, తనేమీ తీసుకెళ్ళడం లేదని చూపించేవాడు.

చెయ్యి కూడా చెదిరింది. బయట ఎవరైనా నవ్వితే చాలు, అచ్చు పక్కకి పోయేది. తీగకీ తీగకీ మధ్య సందు కనిపించేది. అరుణకుమారి గారు మంచిదే, మాట అనలేదు. అచ్చుబల్ల మీంచి తప్పించి, రంగు పట్టడానికి ముందుగా గుడ్డలు కరక్కాయ నీళ్ళలో ముంచే పనిలో పెట్టింది. అది నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు చేసే పని. ఆయన ఎందుకని అడగలేదు.

రత్నకుమారి తాయెత్తు కట్టించింది. దిష్టి తీయించింది. దివిసీమ వెళ్ళి మోపిదేవిలో పుట్టలో పాలు పోయించింది. ఇంటికి వస్తుంటే బస్సులో కూడా ఒకడు వెనక సీట్లోంచి, "జేబు జాగర్తండోయ్" అన్నాడు. సుబ్రహ్మణ్యేశ్వరుడు మాత్రం ఏం చేస్తాడు, మనుషుల నోళ్ళకి మూత ఆయన దగ్గర లేదుగా.

నవ్య ఎనిమిదో తరగతికి వచ్చిన ఏడు అదీ జరిగింది. బజారులో బైకు మీద కుర్రాళ్ళు ఆ మాట అరిస్తే, ఈయన ఒళ్ళు మరిచి రాయి తీసుకుని విసిరాడు. అది ఎవరికీ తగల్లేదు. కానీ మరొకడు ఫోనులో తీస్తున్నాడు. చొక్కా బొత్తాం ఊడి, నోట నురగలు కక్కుతూ అరుస్తున్న మనిషి. దానికి డప్పు సంగీతం తగిలించి ఊరంతా పంచారు. నవ్య బళ్ళోకి కూడా వచ్చింది. పిల్ల ఇంటికి వచ్చి, పుస్తకాల సంచీ విసిరేసి, తండ్రి ఎదురుగా నిలబడి అడిగింది. "అసలేం తీశావు నాన్నా నువ్వు? అందరూ దొంగంటున్నారు."

రత్నకుమారి నోరు తెరవబోయింది. ఆయన చెయ్యి పట్టుకుని ఆపి, వంటింట్లోకి తీసుకెళ్ళాడు. "దానికి చెప్పకు. తన వల్లే అనుకుంటుంది" అన్నాడు. ఆ పూట ఆయన అన్న మాటలు అవే. ఆ వారం షెడ్డుకి వెళ్ళలేదు, అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచేవాడు. "నేను లేకపోతే మీకే హాయి" అన్నాడొకసారి, గోడకి చెబుతున్నట్టు. అది విన్నాక రత్నకుమారి ఇంక తాయెత్తుల జోలికి వెళ్ళలేదు. మర్నాడే బందరు తీసుకెళ్ళి మనసు డాక్టరుకి చూపించింది.

ఆ డాక్టరమ్మ చిన్నపిల్లలాగే ఉంది గానీ ఓపిక పెద్దది. ఆయన జవాబు నానబెట్టుకుంటుంటే గడియారం చూడకుండా కూర్చుంది. అంతా విని, "ఇది పిచ్చి కాదండీ, పిరికితనం కూడా కాదు" అంది రత్నకుమారితో. "రోజూ ఒకేచోట కొడుతుంటే ఎంత గట్టి మనిషైనా కుంగిపోతాడు. ఇన్నాళ్ళు నలుగురూ ఒకే మాట అంటే, అది నిజమేనేమో అని మనసు నమ్మడం మొదలుపెడుతుంది. మందులిస్తాను, నిద్ర పడుతుంది, ఆకలి వేస్తుంది. వారం వారం తీసుకురండి, మాట్లాడతాను. చచ్చిపోవాలని ఉందన్నట్టు మళ్ళీ ఏమన్నా అంటే ఒక్క క్షణం ఒంటరిగా వదలకండి, వెంటనే నాకు ఫోను చెయ్యండి. కానీ ఆ పిలుపు ఆగాలమ్మా. పుండు మీద కారం చల్లుతూ మందు రాస్తే మానుతుందా?"

మందులు పనిచేశాయి. ఆ మాట చెప్పకపోతే పాపం. నిద్ర పట్టింది, ముఖంలో కాస్త నెత్తురు కనిపించింది. ఒకరోజు భోంచేస్తూ, "పప్పులో ఉప్పు తక్కువైంది" అన్నాడు. మొగుడు వంకపెడితే ఆనందంతో ఏడ్చిన ఇల్లాలు పెడన మొత్తంలో రత్నకుమారి ఒక్కతే అయ్యుంటుంది.

అంతలో నవ్య పెద్దమనిషయింది. ఓణీల ఫంక్షన్ చెయ్యాలి. చుట్టాలంతా వస్తారు. కూతురి పక్కన తల్లీ తండ్రీ కూర్చోవాలి, అందరూ వచ్చి అక్షింతలు వెయ్యాలి. భోజనాల బంతులు వెయ్యాలి. రత్నకుమారి అడగలేక అడగలేక అడిగింది. "వస్తారా?" ఆయన చాలాసేపు నానబెట్టుకున్నాడు. "వస్తాను. పాపది కదా" అన్నాడు. డాక్టరమ్మకి చెబితే ఆవిడా సంతోషించింది. "ఆ ఒక్క పూట ప్రశాంతంగా గడిస్తే నా మందుల కంటే అది ఎక్కువ" అంది. ఇక రత్నకుమారికి తిండీ నిద్రా లేవు. ఆ ఒక్క పూట గడవాలి. చుట్టాలందరికీ విడివిడిగా ఫోను చేసి, ఆ మాట ఎత్తొద్దని బతిమాలింది. ఒక్క మనిషికి మాత్రం ఫోనులో చెబితే కుదరదు. ఓణీలు తెచ్చేది మేనమామ. మేనమామ లేకుండా ఆ వేడుక లేదు. పాసింజరు రైలెక్కి గుడివాడ వెళ్ళింది.

కాంతారావు గోడౌనులో కూర్చుని పాత్రలు తోమిస్తున్నాడు. "రావే రావే! నా మేనకోడలికి ఏ రంగు పట్టు తెమ్మంటావు?" అన్నాడు.

"అన్నయ్యా, నువ్వు పట్టు తేకపోయినా ఫరవాలేదు. ఆ మాట మాత్రం తేకు" అంది రత్నకుమారి.

"ఏ మాటే?"

"జేబు మాట."

"ఓసి పిచ్చిదానా! బావని నేననక ఇంకెవరంటారు? అభిమానం లేకపోతే అంటానా?"

అప్పుడు రత్నకుమారికి ఎక్కడ లేని కోపం వచ్చింది. పుట్టింటి గడపలో గొంతెత్తడం ఎరగని మనిషి, పనివాళ్ళంతా చూస్తుండగా అరిచింది. "అభిమానమా! నీ అభిమానానికి ఆయన మందులు మింగుతున్నాడు. కొట్టుకెళితే చేతులు చూపించి వస్తున్నాడు. చచ్చిపోతానన్నాడు అన్నయ్యా! నువ్వు వేసిన మాట ఊరంతా మొలిచింది. నేను కూడా నవ్వాను ఆ రోజు, నా నోరు పడిపోనూ. నువ్వు మళ్ళీ ఆ మాటంటే నాకు అన్న లేడనుకుంటాను" అంది. అని, కూలబడి ఏడ్చింది.

కాంతారావు ముఖం వాడిపోయింది. ఇన్నేళ్ళలో ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఎవరూ చెప్పకపోతే తెలుసుకోనక్కర్లేదని కాదనుకోండి. వచ్చి చెల్లెలి పక్కన కూర్చుని, "అననమ్మా. నీ మీద ఒట్టు. బావ దగ్గర నా తప్పు నేనే దిద్దుకుంటాను" అన్నాడు. ఆ చివరి ముక్క రత్నకుమారికి ఊరటగానే వినిపించింది. ఎలా దిద్దుకుంటావని అడగాలని తోచలేదు.

ఫంక్షన్ రోజున పెడనలో హాలు నిండిపోయింది. భీమేశ్వరరావు తెల్ల చొక్కా వేసుకుని కూతురి పక్కన కుర్చీలో కూర్చున్నాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని బిగబట్టుకునే కూర్చున్నాడు గానీ, కూర్చున్నాడు. ఒక్కొక్కరే వచ్చి అక్షింతలు వేస్తున్నారు. ఎవరూ ఆ మాట అనలేదు. రత్నరాజు వచ్చి, తల దించుకుని, "బాగున్నారా అండీ?" అని మాత్రం అడిగి వెళ్ళాడు. ఒక ముసలావిడ ఏదో చెబితే ఆయన చిన్నగా నవ్వాడు కూడా. రత్నకుమారి కొంగు చాటున దేవుళ్ళందరికీ దండాలు పెట్టుకుంటోంది. గడిచిపోతోంది. ఇంకాస్సేపు. భోజనాలు అయిపోతే చాలు.

అప్పుడు వచ్చాడు మేనమామ, మేళంతో. పట్టులంగా ఓణీ, పసుపు కుంకుమలు, పళ్ళ పళ్ళేలు. వెనకాల ఇద్దరు మోసుకొస్తున్న ఇత్తడి బేసిన్ నిండా తొక్కుడు లడ్లు. దాన్ని చూడగానే రత్నకుమారికి ఏం జరగబోతోందో తెలిసిపోయింది. లేచి అడ్డం వెళ్ళేలోపే కాంతారావు బేసిన్ అందుకుని తిన్నగా బావ ముందుకి వెళ్ళాడు. కాంతారావు కళ్ళలో నీళ్ళున్నాయి. అబద్ధమెందుకు చెప్పాలి, నిజమైన నీళ్ళే. పెట్టుపోతలతో పెరిగిన మనిషి, క్షమాపణ అంటే కూడా ఆయనకి తెలిసింది పెట్టడమే. పదిమందిలో తీసిన పరువు పదిమందిలోనే ఇద్దామనుకున్నాడు. "బావా! ఒక్క లడ్డు కోసం ఇన్నేళ్ళు నిన్ను ఏడిపించాను. ఇవాళ ఇవన్నీ నీవే. ఎవడడుగుతాడో చూస్తాను" అని ఆ బేసిన్ ఆయన ఒళ్ళో పెట్టాడు.

హాలు వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. పాపం, చెడు ఉద్దేశంతో కాదు, అలవాటుతో. ఆ నవ్వు పక్కవాళ్ళకి అంటుకుంది, ఇంకో వరసకి పాకింది. ఆపుకుందామని చూసినవాళ్ళకి మరీ వచ్చింది.

భీమేశ్వరరావు లేచాడు. ఒళ్ళో బేసిన్ జారి కింద పడి, లడ్లు కాళ్ళ మధ్యన దొర్లాయి. ఆయన వాటిని చూడలేదు. రెండు చేతులూ జోడించి, కాంతారావుకి కాదు, హాలు మొత్తానికి ఎదురుగా నిలబడ్డాడు. ఎన్నో ఏళ్ళుగా ఇంత గట్టిగా ఆయన గొంతు ఎవరూ వినలేదు.

"తప్పైపోయిందండీ" అన్నాడు. "మా పాపకి జ్వరమండీ. లడ్డు తెమ్మని అడిగింది. అందుకని తీశాను. ఒక్కటే తీశానండీ, నాలుగు తియ్యలేదు. నేను దొంగనే, ఒప్పుకుంటున్నాను. ఇంకెప్పుడూ తియ్యను. పిల్ల ఫంక్షనండీ, ఇవాళకి వదిలెయ్యండి."

ఒక వరస వైపు తిరిగి చెప్పాడు. పక్క వరస వైపు తిరిగి అదే చెప్పాడు. ఆడవాళ్ళ వైపు తిరిగీ చెప్పాడు. మేళగాళ్ళు సన్నాయి దించేశారు. తన ఆకులో పడిన తన లడ్డుకి ఆ మనిషి ఊరందరినీ క్షమాపణ అడుగుతున్నాడు. నవ్వినవాళ్ళకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తెలియకపోవడమే మంచిది.

నవ్య పూలజడతో అలాగే కూర్చుని వింది. ఏ పాపకి జ్వరం, ఎవరి కోసం తీశాడు అన్నది తెలిసేసరికి పిల్ల ముఖంలో రంగు పోయింది. "అమ్మా, నా కోసమా?" అంది. రత్నకుమారి తలూపింది.

కాంతారావు ఆ లడ్ల మధ్యనే మోకాళ్ళ మీద కూలబడి బావ కాళ్ళు పట్టుకున్నాడు. "తప్పు నాది బావా! నువ్వేం తియ్యలేదు, నువ్వేం తియ్యలేదు" అని వెక్కి వెక్కి ఏడ్చాడు. భీమేశ్వరరావు కంగారుపడి ఆయన్ని లేవదీశాడు. "అయ్యయ్యో, పెద్దవారు మీరు, అలా అనకండి. నా వల్లే కదా మీకు ఈ తలవంపులు" అన్నాడు. ఓదార్చాడండీ, ఆయన్ని ఈయన ఓదార్చాడు. తర్వాత మళ్ళీ అందరి వైపూ చూసి, చేతులు జోడించే ఉంచి, మెల్లగా అడిగాడు.

"ఇంక నేను వెళ్ళొచ్చా అండీ?"

అంతమంది చుట్టాల్లో ఒక్కరికీ నోరు పెగల్లేదు. ఎన్నేళ్ళుగానో ఆడిన నోళ్ళు అవన్నీ.

రత్నకుమారి లేచి వెళ్ళి ఆ జోడించిన చేతుల్ని విడదీసి ఒకటి తను పట్టుకుంది. "రండి, ఇంటికి వెళ్దాం" అంది. రెండో చెయ్యి నవ్య పట్టుకుంది. ఇంకా ఓణీ వెయ్యలేదు, హారతి ఇవ్వలేదు. ముహూర్తం దాటిపోతుందని పురోహితుడు కూడా అనలేదు. ముగ్గురూ వరసల మధ్యలోంచి గుమ్మం వైపు నడిచి వెళ్ళిపోయారు. భోజనాల హాల్లో ఆకులు వేసి, నీళ్ళు చల్లి ఉన్నాయి. ఆ పూట ఎవరూ కూర్చోలేదు.